వివేకానికి మెదడులో చోటుందా? కాణిపాకం ప్రమాణం ఎందుకు నిలవలేదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వివేకం మెదడులో పుట్టేదా, లేక చదువూ సంస్కారమూ అనుభవమూ ఇచ్చేదా అన్నది మొదటిది. రెండోది దాని వెనకున్న అసలు బాధ. ఏళ్ల తరబడి చుట్టుపక్కల ఊళ్ల తగువులు తీర్చిన మీ నాయన 61వ ఏటి నుంచి ఎవరడిగితే వాళ్లకు డబ్బు తీసిచ్చేస్తున్నారు. పెళ్లిళ్లలో పదిమంది ముందు అనకూడని మాటలు అంటున్నారు. మీ అమ్మ జ్వరంతో పడుకుని ఉంటే "అన్నం ఎప్పుడు పెడతావు" అని మాత్రమే అడిగారు. జ్ఞాపకశక్తి మాత్రం చెక్కు చెదరలేదు. కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తే నాలుగో రోజే మళ్లీ పదివేలు ఇచ్చేశారు. బంధువులు వయసు చాదస్తం అంటున్నారు, ఊళ్లో బుద్ధి మారిందంటున్నారు. స్కాన్ తీస్తే వివేకం తగ్గిందో లేదో తేలుతుందా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. వివేకానికి మెదడులో ఆధారం ఉంది. అయితే అది మామిడిపండులో టెంకలాగా ఒక చోట కూర్చుని ఉండదు. నాలుగైదు భాగాలు ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటూ పనిచేస్తే వచ్చేది వివేకం. దాన్ని కొలిచే స్కాన్ ఏదీ లేదు. దాన్ని చెడగొట్టే జబ్బుల్ని మాత్రం స్కానూ రక్తపరీక్షలూ చాలావరకు పట్టిస్తాయి, వాటిలో కొన్ని నయమయ్యేవి కూడా. అందుకే మీ నాయన విషయంలో చాదస్తం అనే మాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి తెలుగులో మంచి మాటలు ముందే ఉన్నాయి. లెక్క కట్టడం, కొత్తది చప్పున పట్టుకోవడం తెలివి. తెలిసి ఉండడం జ్ఞానం. ఎదుటివాళ్ల ముఖం చూసి ఇక్కడ ఏది అనొచ్చో ఏది అనకూడదో గ్రహించడం ఇంగితం. ఇవన్నీ చేతిలో పెట్టుకుని మంచిచెడ్డలు వేరు చేసి, తేలినదాని ప్రకారం నడుచుకోవడం వివేకం. ఆ మాటకు మూలార్థమే వేరుచేయడం. ఈ నాలుగూ నిజంగా వేర్వేరని నిఘంటువుల కంటే గట్టిగా చెప్పేవి మెదడు జబ్బులు. అల్జీమర్స్ మొదట జ్ఞాపకాన్ని పట్టుకెళ్తుంది. నిన్న ఎవరొచ్చారో గుర్తుండదు కానీ వచ్చినవాళ్లను కూర్చోమని, కాఫీ తాగమని అడిగే మర్యాద చాలాకాలం నిలుస్తుంది. మెదడు ముందు భాగాన్ని తినే మరో జబ్బు ఉంది, పేరు ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా (డిమెన్షియా అంటే మెదడు శక్తులు క్రమంగా క్షీణించే జబ్బు). అందులో 1985లో కొన్న పొలం సర్వే నంబరు కూడా నోటికి వస్తుంది, ఎదురుగా ఏడుస్తున్న మనిషి మాత్రం కంటికి ఆనరు. ఒకటి పోయి ఒకటి మిగిలిందంటే రెండింటికీ మెదడులో ఆధారాలు వేరని అర్థం.

శాస్త్రవేత్తలు వివేకాన్ని ఎలా నిర్వచిస్తారో కొద్దిగా చెప్పాలి, లేకపోతే దేని ఆధారం వెతుకుతున్నామో తెలియదు. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పాల్ బాల్టెస్ బృందం 1980లలో మొదలుపెట్టిన పద్ధతిలో మనుషులకు ఒక చిక్కుసమస్య ఇచ్చి, ఆలోచనను పైకి చెప్పమని, జవాబుకు 1 నుంచి 7 దాకా మార్కులు వేసేవారు. "పదిహేనేళ్ల అమ్మాయి వెంటనే పెళ్లి చేసుకుంటానంటోంది, ఏం ఆలోచించాలి?" అన్నది వాళ్ల ప్రసిద్ధమైన ప్రశ్న. "కూడదు" అని ఊరుకుంటే మార్కులు తక్కువ. ఆ పిల్ల పరిస్థితి ఏమిటి, ఎందుకు అంటోంది, వెనక ఎవరున్నారు, ఏ సమాజం అని విచారించే జవాబుకు ఎక్కువ. మన దగ్గర పద్దెనిమిది నిండకుండా పెళ్లి చట్టం ఒప్పదు, ఒప్పకూడదు కూడా. అయినా ఆ పిల్ల ఎందుకు అడుగుతోందో కనుక్కోవలసిన పని అలాగే మిగిలి ఉంటుంది. ఆ పరీక్షల్లో తేలిన ఒక సంగతి చాలామందికి నచ్చదు. 20 నుంచి 75 ఏళ్ల మధ్య వయసు పెరిగినంత మాత్రాన మార్కులు పెరగలేదు. తల నెరవడం ఒక్కటే వివేకం కాదు.

తర్వాత 2009లో థామస్ మీక్స్, దిలీప్ జస్తే కలిసి మెదడు పరిశోధనలన్నీ కూడదీసి వివేకంలో ఆరు పాళ్లున్నాయని రాశారు. పరుల మేలు కోరడం, బతుకు వ్యవహారాల్లో సరైన నిర్ణయం తీసుకోవడం, ఆవేశాన్ని అదుపులో పెట్టుకోవడం, తనను తాను పరిశీలించుకోవడం, తనకంటే వేరుగా ఆలోచించేవాళ్లను సహించడం, ఏదీ ఖచ్చితంగా తెలియని చోట కూడా తొణక్కుండా పని నడిపించడం. జస్తే పుణెలో వైద్యం చదివి అమెరికా వెళ్లిన మానసిక వైద్యుడు. అంతకు ముందు 2008లో ఆయనే సహచరుడితో కలిసి భగవద్గీతలోని వివేక లక్షణాలను ఆధునిక నిర్వచనాలతో పోల్చి చూశారు, చాలావరకు కలిశాయి. రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడి లక్షణాలు చదివినవాళ్లకు అది వింతేమీ కాదు.

ఇక భాగాలు. పేర్లు వరసగా చెప్తే తల తిరుగుతుంది కాబట్టి మీ నాయన చేసిన పని మీదే చూద్దాం. దామలచెరువు వైపు ఇద్దరన్నదమ్ములకు తోతాపురి తోపు గట్టు దగ్గర తగువు అనుకోండి. పెద్దమనిషి అరుగు మీద కూర్చున్నాడు. అన్న చెప్పింది విని, తమ్ముడు చెప్పేది వింటూ, రెండూ ఒకేసారి మనసులో పట్టుకోవాలి. ఆ పని నుదుటికి పైన పక్కగా ఉండే డార్సోలాటరల్ ప్రీఫ్రంటల్ భాగానిది. తమ్ముడు పైకి గట్టు అంటున్నాడు కానీ అసలు మంట అమ్మ నగల పంపకంలో ఉందని కనిపెట్టాలి. ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించే ఆ పనికి చెవికి కాస్త పైన వెనకగా ఉండే భాగమూ, నుదుటి మధ్య లోపలి భాగమూ కలిసి పనిచేస్తాయి. ఇంతలో తమ్ముడు "నువ్వు అన్న పక్షం" అని అరుస్తాడు. పెద్దమనిషికీ రోషం వస్తుంది. ఆ రోషం పొంగేది కణతల లోపల బాదంగింజంత ఉండే అమిగ్డాలా దగ్గర. దాన్ని నిదానపరిచేది కళ్లకు పైన, మధ్యలో ఉండే వెంట్రోమీడియల్ ప్రీఫ్రంటల్ భాగం. "నేను అనుకున్నదానికీ ఇప్పుడు వింటున్నదానికీ పొంతన లేదే" అని గంట కొట్టేది ఆంటీరియర్ సింగ్యులేట్. ఒళ్లు చెప్పే మాటను, అంటే కడుపులో దేవినట్టుండడం, గుండె దడలాంటివాటిని, మనసుకు తెలిపేది ఇన్సులా. ఇప్పుడే ఒక మాట అనేసి గెలిచేద్దామనే తొందర లోపలున్న స్ట్రయేటమ్‌లో, డోపమిన్ అనే మెదడు రసాయనం ఆసరాతో పుడుతుంది. ఆ తొందరకు కళ్లెం వేసేది మళ్లీ ముందు భాగమే.

కళ్లెం ఎంత ముఖ్యమో గుర్రమూ అంతే. అమిగ్డాలా, స్ట్రయేటమ్ చెడ్డవీ ప్రీఫ్రంటల్ మంచిదీ అని రాసే వ్యాసాలు తప్పుదారి పట్టిస్తాయి. లోపలి నుంచి ఏ ఆవేశమూ రాని మనిషి ఏదీ నిర్ణయించలేడు. దానికి గట్టి ఆధారం 1985లో ఎస్లింగర్, ఆంటోనియో డమాసియో వివరించిన ఒక రోగి. అతని మెదడు ముందు కిందిభాగంలో గడ్డ తీసేశారు. ఆపరేషన్ తర్వాత కూడా తెలివి పరీక్షల్లో సగటు కంటే ఎక్కువే వచ్చింది. జ్ఞాపకం బాగుంది, మాట బాగుంది. నీతి సమస్యలు అడిగితే సరైన జవాబే చెప్పేవాడు. బతుకులో మాత్రం ఉద్యోగం పోయింది, అందరూ వద్దన్నవాడితో వ్యాపారం పెట్టి మునిగిపోయాడు, కాపురం చెడింది. ఏ హోటల్లో తినాలో తేల్చుకోవడానికి గంటలు పట్టేది. తెలియక కాదు. తెలిసినదానికి బరువు ఇచ్చే భాగం పోయింది.

ఆ బరువును కొలవడానికి అమెరికాలోని అయోవాలో 1994లో పేకముక్కల ఆట ఒకటి తయారుచేశారు. నాలుగు కట్టలు, నూరు ముక్కలు తియ్యాలి. రెండు కట్టల్లో ప్రతి ముక్కకూ వంద డాలర్లు వస్తాయి కానీ నడుమ పెద్ద జరిమానాలు పడతాయి. పది ముక్కలు తీసేసరికి 250 నష్టం. మిగతా రెంటిలో యాభయ్యే వస్తుంది, జరిమానాలు చిన్నవి. పది ముక్కలకు 250 లాభం. ఆరోగ్యవంతులు కొన్ని పదుల ముక్కల తర్వాత మంచి కట్టల వైపు మళ్లుతారు. చెడ్డ కట్ట మీద చెయ్యి పెట్టబోయే ముందే వాళ్ల అరచేతికి సన్నగా చెమట పడుతుంది, అది పరికరంలో కనిపిస్తుంది. ఆ ముందుభాగం దెబ్బతిన్నవాళ్లకు చెమట పట్టదు. నష్టపోతున్నామని తెలిసినా చెయ్యి మళ్లీ ఆ కట్ట మీదికే పోతుంది.

మీ నాయన కాణిపాకం ప్రమాణం సంగతి ఇక్కడ చూడండి. ప్రమాణం నిలబడాలంటే రెండు కావాలి. చేసిన మాట గుర్తుండాలి, డబ్బు తీసే క్షణంలో ఆ మాట గుండెల్లో బరువుగా తగలాలి. మొదటిది ఆయనకు ఉంది. రెండోది లేకుండా పోయి ఉంటే, ఆయన దేవుడి మీద భక్తి తగ్గి మాట తప్పినట్టు కాదు, మిమ్మల్ని మోసం చేసినట్టూ కాదు. ఇంకోసారి ప్రమాణం చేయించినా ఫలితం అదే. తప్పిన ప్రమాణాల లెక్క చెప్పి ఆయన్ను నిందించడం దయచేసి ఆపండి.

ఫీనియస్ గేజ్ కథ ఈ విషయంలో అందరూ చెప్పేదే. 1848 సెప్టెంబరు 13న అమెరికా వెర్మాంట్‌లో రైలు దారి కోసం రాళ్లు పేల్చుతుంటే ఆరు కిలోల ఇనుపకడ్డీ ఎడమ చెంప ఎముక కింద దూరి నడినెత్తిన బయటికి పోయింది. మనిషి బతికాడు, స్వభావం మారిందన్నారు. కానీ ఆ తర్వాత అతను చిలీలో ఏళ్ల పాటు గుర్రపు బండి నడిపాడు. అంటే కొంతవరకైనా కోలుకున్నాడు. ఆ కాలపు వైద్యుల రాతలు తక్కువ, కల్పనలు ఎక్కువ కాబట్టి నేను దాని మీద పెద్దగా ఆధారపడను.

నన్నడిగితే వివేకానికి రసాయన ఆధారం ఉందనడానికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం పార్కిన్సన్స్ మందులు. చేతులు వణికే ఆ జబ్బులో డోపమిన్ తగ్గుతుంది. దానిలా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు ఇస్తారు. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగుల్ని పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో ఆ తరగతి మాత్రలు వాడేవాళ్లలో 17.1 శాతానికి, వాడనివాళ్లలో 6.9 శాతానికి అదుపులేని కోరికలు కనిపించాయి. జూదం, అక్కర్లేని కొనుగోళ్లు, కామవాంఛ, తిండి. అరవై ఏళ్లు ఒక్క పేకముక్క ముట్టనివాళ్లు లాటరీలకు ఆస్తి తగలేస్తారు. మోతాదు తగ్గిస్తే చాలామంది మళ్లీ పాత మనిషి అవుతారు. సంస్కారం మారలేదు, అనుభవం చెరిగిపోలేదు, మాత్ర మారింది. మీ నాయన అలాంటి మాత్ర వాడుతున్నారేమో చూడండి. కాళ్లలో జలదరింపుకు కూడా ఇవే రాస్తారు. అయితే మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా మానేస్తే ఆందోళన, నిస్సత్తువ, ఒళ్లు బిగుసుకుపోవడం వస్తాయి. రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి.

స్కాన్ మాటకొస్తే, ఏది ఏమి చూపిస్తుందో తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. మామూలు ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది: గడ్డ, రక్తస్రావం, పాత స్ట్రోకు మచ్చలు, కుంచించుకుపోయిన చోటు. పత్రికల్లో రంగురంగుల మచ్చలతో కనిపించేది ఫంక్షనల్ ఎమ్మారై. అది న్యూరాన్లను, అంటే మెదడు కణాలను, నేరుగా చూడదు. పనిచేసిన చోటికి రక్తంలో ప్రాణవాయువు ఎక్కువ వస్తే ఆ తేడాను పట్టుకుంటుంది. ఆ తేడా పతాకస్థాయికి రావడానికి అయిదారు సెకన్లు పడుతుంది. బొమ్మలో ఒక చిన్న గడి సుమారు మూడు మిల్లీమీటర్ల ఘనం, అందులోనే లక్షల న్యూరాన్లు. లెక్కలు జాగ్రత్తగా కట్టకపోతే ఏం జరుగుతుందో చూపించడానికి 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. చేప మెదడులోనూ "పనిచేస్తున్న" మచ్చ వచ్చింది. వేల గడులను ఒకేసారి పరీక్షిస్తూ దానికి తగిన సవరణ చెయ్యకపోతే అంతే.

ఇంకో పొరపాటు ఇంతకంటే సూక్ష్మమైనది. భయపడితే అమిగ్డాలా వెలుగుతుంది కాబట్టి అమిగ్డాలా వెలిగితే భయం అనుకోవడం. వాన పడితే వీధి తడుస్తుంది, వీధి తడిసిందని వాన పడినట్టు కాదు. కళ్లాపి కూడా చల్లి ఉండొచ్చు. అమిగ్డాలా కొత్తదనానికీ ఆనందానికీ ఆసక్తికీ కూడా కదులుతుంది. కాబట్టి ఎవరైనా మీ మెదడు బొమ్మ చూసి మీ వివేకం ఇంత శాతమని చెప్తే నమ్మకండి. పిల్లలకు "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్" చేస్తామని, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామని వేలు తీసుకునే తరగతులదీ అదే దారి. మిడ్‌బ్రెయిన్ చేసే పనులు కంటిపాపల కదలిక, చూపూ వినికిడి మలుపులు, డోపమిన్ తయారీలాంటివి. గంత కింద ముక్కు పక్క సందులోంచి చూస్తే ఎవరైనా చదవగలరు.

వయసు గురించి. ముందుభాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది, ముసలితనంలో ముందుగా పలచబడే భాగాల్లోనూ అదొకటి. అయినా చాలామంది పెద్దవాళ్లలో తీర్పు ఎందుకు చెడదు? ఒక కారణం, కుర్రవాళ్లు ఒక పక్క భాగంతో చేసే పనిని కొందరు పెద్దవాళ్లు రెండు పక్కల భాగాలతో చేస్తారు; కబేజా 2002లో దీన్ని వివరించాడు. మరొకటి, 2004లో మేథర్ బృందం చూసినట్టు, పెద్దవాళ్ల అమిగ్డాలా చెడ్డ బొమ్మల కంటే మంచి బొమ్మలకు ఎక్కువ స్పందిస్తుంది. పాత పగల్ని తవ్వుకోకపోవడానికి అది ఆసరా. అదే గుణం మోసగాడి తియ్యని మాటకు లోబడేలా చెయ్యడానికీ అవకాశముంది. దాన్ని మరిచిపోకూడదు.

చిత్తూరు జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన అధ్యయనం ఒకటుంది. సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకటే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో అరవం మాట్లాడే మన సరిహద్దు ఊళ్లవాళ్లు రోజూ ఒక భాషను అణిచి ఇంకోదాన్ని పైకి తెస్తుంటారు. కళ్లెం వేసే భాగానికి అది నిత్యసాధన అని ఒక వివరణ. ఇది రోగుల్ని వెనక్కి చూసి చేసిన పరిశీలన, భాషే కారణమని ఇదొక్కటే రుజువు చెయ్యదు. పైగా జబ్బు ఆలస్యం కావడం వేరు, వివేకం పెరగడం వేరు.

"ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నారు కదా, రచ్చబండ మీద గెలిచిన మనిషి ఇంట్లో ఓడిపోవడం ఆరోగ్యవంతుల్లోనూ ఉన్నదే. గ్రాస్‌మన్, క్రాస్ 2014లో ప్రకటించిన ప్రయోగాల్లో మనుషులు స్నేహితుడి కాపురంలో చిక్కును తమ సొంత చిక్కు కంటే వివేకంగా ఆలోచించారు. సొంత చిక్కును కూడా మూడో మనిషిలా, "అతను ఏం చెయ్యాలి" అని ఆలోచించమంటే ఆ తేడా పోయింది. పెద్ద నిర్ణయం ముందు కాగితం మీద మీ పేరుతో, ఎవరి గురించో రాసినట్టు సంగతంతా రాసి మర్నాడు చదవండి. రాత్రి నిద్రపోవడం కూడా ముఖ్యమే. ఒక్క రాత్రి నిద్ర లేకపోతే చెడ్డ బొమ్మలకు అమిగ్డాలా స్పందన 60 శాతం పెరుగుతుందని, దానికీ ముందుభాగానికీ ఉన్న లంకె సడలుతుందని 2007లో చూపించారు. రాత్రంతా ఆస్పత్రి వరండాలో మేలుకున్నవాళ్ల చేత పొద్దున్నే ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టించకూడదు.

వివేకం పెంచే మాత్ర లేదు. ఆ లంకెలను మోసే తెల్లని తీగల్ని చెడగొట్టేవి మాత్రం తెలుసు: బీపీ, షుగరు, పొగ. సన్న రక్తనాళాలు మూసుకుపోతే మెదడు లోపలి తీగలు తెగి, ఆలోచన మందగించి, కళ్లెం వదులవుతుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024 లెక్కలో డిమెన్షియాలో 45 శాతం దాకా, బీపీ, షుగరు, చెవుడు లాంటి 14 కారణాలను సరిదిద్దితే తప్పించడమో వెనక్కి నెట్టడమో సాధ్యం. నడక గురించి 2011లో 120 మంది పెద్దవాళ్లతో చేసిన పరీక్ష ఉంది: వారానికి మూడు రోజులు, నలభై నిమిషాలు, ఏడాదిపాటు నడిస్తే జ్ఞాపకానికి చెందిన హిప్పోకాంపస్ రెండు శాతం పెరిగింది. ఏడాదికోసారి అలిపిరి 3,550 మెట్లు ఒక్క ఊపున ఎక్కడం పుణ్యం కావచ్చు, ఈ లాభం వచ్చేది మాత్రం వారం వారం తప్పని నడకతో.

ఇప్పుడు మీ నాయన. జబ్బు పేరు ఇక్కడ కూర్చుని పెట్టలేం. మీరు రాసిన తీరులో మాత్రం బిహేవియరల్ వేరియంట్ ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా, అంటే పైన చెప్పిన ముందుభాగం జబ్బులో ప్రవర్తనను మార్చే రకం, ఉందో లేదో తప్పకుండా తేల్చుకోవాలి. ఎక్కువగా 45 నుంచి 65 మధ్య మొదలవుతుంది. దీన్ని గుర్తించడానికి నిపుణులు 2011లో ఒప్పుకున్న కొలమానాల్లో ఆరు గుర్తులుంటాయి: మర్యాద అదుపు తప్పడం, ఏ పనీ పట్టకపోవడం, ఎదుటివాళ్ల బాధ పట్టకపోవడం, ఒకటే పని లేదా మాట పదేపదే చెయ్యడం, తిండి తీరు మారడం, ముఖ్యంగా తీపి మీద పడడం, జ్ఞాపకం నిలిచి ఉండి పథకం వేసే శక్తి తగ్గడం. మెల్లగా పెరుగుతూ వీటిలో మూడు ఉంటే అనుమానించాలి. ఈ జబ్బు ముందుగా కొట్టేది ఆంటీరియర్ సింగ్యులేట్‌లోనూ ఇన్సులా ముందుకొసలోనూ ఉండే వాన్ ఎకనమో న్యూరాన్లనే పొడవాటి కణాల్ని. అంటే రోషాన్ని, జాలిని, తప్పు చేస్తున్నానన్న గంటను మోసే చోట్లనే.

దానికి ముందు నయమయ్యేవి చూడాలి. రక్తంలో బి12 విటమిన్ (మిల్లీలీటరుకు పికోగ్రాముల లెక్కలో) 200 కంటే తక్కువైతే లోపం, 200–300 మధ్య అనుమానం. శాకాహారులు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగులు ముఖ్యంగా చూపించుకోవాలి. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. సోడియం 135 కంటే తగ్గిందేమో, బీపీకి నీళ్లమాత్ర వాడేవాళ్లలో ఇది తరచు తగ్గుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, లివరు, కిడ్నీ, సిఫిలిస్ పరీక్ష. గడిచిన రెండు మూడు నెలల్లో బాత్‌రూంలో జారడమో బండి మీంచి పడడమో జరిగిందా? రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లలో చిన్న దెబ్బకే పుర్రె కింద నెత్తురు మెల్లగా చేరుతుంది. సీటీలో కనిపిస్తుంది, చిన్న రంధ్రం వేసి తీసేస్తే మనిషి తేరుకుంటాడు. నిద్రమాత్రలు, అలెర్జీ మాత్రలు, సారా కూడా లెక్కలోకి రావాలి. నడివయసు దాటాక మొదటిసారి వచ్చే ఉన్మాదం కూడా ఇలాగే ఉంటుంది: దానం, వాగుడు, నిద్ర అక్కర్లేకపోవడం. అయితే ఉన్మాదం వారాల్లో ముదురుతుంది, ముందుభాగం జబ్బు నెలలూ ఏళ్లూ తీసుకుంటుంది.

న్యూరాలజిస్టు దగ్గర ఫ్రంటల్ అసెస్‌మెంట్ బ్యాటరీ అని పది నిమిషాల పరీక్ష చేస్తారు. ఆరు అంశాలు, 18 మార్కులు. అరటిపండుకూ నారింజకూ పోలిక ఏమిటని అడగడం, ఒక అక్షరంతో నిమిషంలో ఎన్ని మాటలు చెప్పగలరో చూడడం, పిడికిలి–చేతి అంచు–అరచెయ్యి వరసగా బల్ల మీద ఆనించమనడం, "నేను ఒకసారి తడితే మీరు రెండుసార్లు తట్టండి" అనడం లాంటివి. 12 కంటే తక్కువైతే అనుమానం. సామెతకు అర్థం అడగడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. "ఇల్లు అలకగానే పండగ కాదు" అంటే ఏమిటంటే "అవును, పిండివంటలు కూడా చెయ్యాలి కదా" అనే జవాబు వస్తే ఆలోచన పైమాట దగ్గరే ఆగిపోతోందని గుర్తు. అయితే ఇక్కడ పొరపాటు చాలా సులువు: బడికి పోనివాళ్లకు అక్షరం పరీక్ష అన్యాయం, ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లకు తెలుగు సామెత అన్యాయం. ఏసీఈ–3 అనే జ్ఞాపకం, భాష, ఆలోచనల పరీక్ష తెలుగులో ఉంది, నూరు మార్కులకు, అదే అడగండి. ఈ జబ్బు మొదట్లో జ్ఞాపకం పరీక్షలన్నీ బాగా రాసి "ఏమీ లేదు" అనిపించుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. ఎమ్మారైలో కూడా తొలిరోజుల్లో "వయసుకు తగిన మార్పులు" అనే రాయొచ్చు. ముందుభాగమూ కణతల ముందుకొసలూ ప్రత్యేకంగా చూడమని చీటీలో రాయించండి. తేలకపోతే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ తీసి పోల్చాలి.

ఒకవేళ ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియానే అయితే నయం చేసే మందు ఇప్పటికి లేదు. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ ఇందులో మేలు చేస్తుందని రుజువు కాలేదు, కొందరిలో ప్రవర్తన ఇంకా చెడుతుంది. కాబట్టి జబ్బు ఏదో తేల్చకుండా "మతిమరుపు మాత్ర" మొదలుపెట్టించకండి. చేతనైనది చుట్టూ ఉన్నవాటిని మార్చడం. పెద్ద మొత్తం ఉన్న ఖాతాను ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు వచ్చేలా మార్పించి, ఆయన చేతికి రోజుకు ఒకటి రెండు వందలు ఉంచండి. ఫోన్‌లో డబ్బు పంపే పరిమితి తగ్గించండి. పొలం పాసుపుస్తకం, దస్తావేజులు ఇంట్లో ఉంచకండి. ఎదురువాదన పెట్టుకోవద్దు, ఆ వాదన వినాల్సిన భాగానికే కదా దెబ్బ తగిలింది. మాట మళ్లించండి, పని చేతికివ్వండి, కొబ్బరికాయలు లెక్కపెట్టడమైనా సరే.

తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ, రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నాయి. దారి తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు ఒక కాగితం తయారుచేసుకోండి: మొదటి మార్పు ఏ నెలలో ఎవరు గమనించారు, తర్వాత ఏది వచ్చింది, ఏది ఇంకా చెడలేదు, ఎప్పుడైనా పడ్డారా, ఆయన పెద్దల్లో ఎవరికైనా ఇలాంటి మార్పు వచ్చిందా. వాడే మాత్రలన్నీ, పసరు మందులూ చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసుకోండి. ఈ జబ్బులో తాను మారానన్న సంగతి మనిషికి తెలియదు. "నాకేం, దిట్టంగా ఉన్నాను" అని డాక్టరుతో ఎంతో పద్ధతిగా మాట్లాడతారు, పది నిమిషాల్లో ఏమీ బయటపడదు. ఆయన ఎదురుగా మీరు అన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. కాగితాన్ని ఓపీ చీటీతో పాటు ముందే లోపలికి పంపి, మీ అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. ఎవరికీ చెప్పని సంగతులు ఆమె దగ్గర ఇంకా ఉంటాయి.